గోడ పగులు, జీతం కోత



అంతర్జాతీయ వ్యాపారం చేసే సంస్థలు కార్మికులకిచ్చే ప్రతిఫలాన్నీ, వాళ్లకు వర్తించే చట్టాన్నీ, వాళ్ల ప్రాణరక్షణనూ ఎలా నిర్వహిస్తున్నాయన్నది ఇవాళ్టి విషయం. మేనేజ్‌మెంట్ చదువుల్లో ఇవి మూడు అధ్యాయాలు. పెద్ద కంపెనీల్లో మూడు విభాగాలు. జీతాలు, బోనసులు, ఇన్సెంటివ్‌లు హెచ్‌ఆర్ వాళ్లు చూస్తారు. ఏ దేశంలో ఏ చట్టం వర్తిస్తుందో లాయర్లు చూస్తారు. మెట్లు, తలుపులు, మంటలార్పే సిలిండర్లు భద్రతాధికారి చూస్తాడు. ఒకరి ఫైలు మరొకరి బల్ల మీదికి రావడం అరుదు. పని సులువుగా సాగాలని పెట్టుకున్న ఏర్పాటే ఇది. కానీ దీనివల్ల ఒక పెద్ద సంగతి ఎవరి కంటికీ ఆనకుండా పోయింది. ప్రమాదం ఎదురుగా కనిపిస్తున్నప్పుడు కార్మికుడు లోపలికి అడుగు పెడతాడా, గేటు బయటే ఆగిపోతాడా అన్నది హెల్మెట్ తేల్చదు, గోడకు అంటించిన నినాదమూ తేల్చదు. ఆ పూట పనిలోకి పోకపోతే తన చేతికి రావలసింది ఎంత పోతుందన్న లెక్క తేలుస్తుంది. అంటే జీతం ఇచ్చే పద్ధతే భద్రతలో మొదటి భాగం. ఆ పద్ధతిని నిజంగా శాసించేవాళ్లు ఎంత దూరాన ఉన్నా, చట్టం ముందు పూచీ పడవలసింది వాళ్లే. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. దీనికి సాక్ష్యాలు చాలాచోట్ల ఉన్నాయి. అన్నిటికన్నా స్పష్టమైనది ఢాకా పక్కన సావార్ అనే పట్టణంలో ఉంది.

2013 ఏప్రిల్ 23న సావార్‌లోని రాణా ప్లాజా అనే ఎనిమిదంతస్తుల భవనంలో గోడలూ స్తంభాలూ పగుళ్లిచ్చాయి. కింద దుకాణాలు, ఒక బ్యాంకు శాఖ ఉండేవి. పైన ఐదు దుస్తుల ఫ్యాక్టరీలు యూరప్, ఉత్తర అమెరికా కంపెనీల కోసం బట్టలు కుట్టేవి. పగుళ్లు చూసిన ఇంజనీరు భవనాన్ని ఖాళీ చేయమన్నాడు. అందరినీ బయటికి పంపారు. టీవీ వాళ్లు వచ్చి ఆ పగుళ్లను లోకానికి చూపించారు కూడా. మర్నాడు బ్యాంకు తెరవలేదు, దుకాణాలు తెరవలేదు. ఫ్యాక్టరీలు మాత్రం తెరిచారు. కార్మికులు బయట గుమిగూడి, లోపలికి పోవడానికి జంకారు. రాకపోతే నెల జీతం ఆపేస్తామని మేనేజర్లు బెదిరించారని, బతికి బయటపడ్డవాళ్లు తర్వాత చెప్పారు. చివరికి లోపలికి వెళ్లారు. తొమ్మిది గంటల ప్రాంతంలో కరెంటు పోయింది. పై అంతస్తుల్లో పెట్టిన భారీ జనరేటర్లు ఒక్కసారిగా ఆడటం మొదలుపెట్టాయి. కాసేపటికే భవనం కుప్పకూలింది. 1,134 మంది చనిపోయారు. 2,500 మంది దాకా గాయపడ్డారు. వాళ్లలో ఎక్కువమంది కుట్టుమిషన్ల దగ్గర పనిచేసే ఆడవాళ్లు.

అనుమతి లేకుండా లేపిన పై అంతస్తులు, దుకాణాల కోసం కట్టిన భవనంలో ఫ్యాక్టరీ యంత్రాలు, యజమానికున్న రాజకీయ పలుకుబడి... కూలిపోవడానికి కారణాలు వెతికితే ఇవన్నీ దొరుకుతాయి. ఇవన్నీ నిజమే. అయితే భవనం ఎందుకు కూలిందన్నది ఒక ప్రశ్న, కూలే సమయానికి అందులో వేలమంది ఎందుకు ఉన్నారన్నది వేరే ప్రశ్న. రెండో ప్రశ్నకు జవాబు ఇంజనీరింగులో దొరకదు. ఆ బ్యాంకు శాఖను చూడండి. అదే కప్పు, అవే స్తంభాలు, అదే పగులు, అదే దేశపు చట్టం. బ్యాంకు ఉద్యోగులు ఆ రోజు లోపల లేరు. కారణం వాళ్లకు ధైర్యమో తెలివో ఎక్కువ ఉండటం కాదు. పనికి రావద్దని వాళ్ల సంస్థే చెప్పింది. ఇంటి దగ్గర ఉన్నందుకు నెలజీతంలో కోత పడుతుందన్న భయం వాళ్లకు లేదు. పై అంతస్తుల సంగతి వేరు. అప్పటి కనీస వేతనం నెలకు 3,000 టాకాలు, ఆనాటి మారకంలో 40 డాలర్ల లోపే. ఓవర్‌టైమ్ కలిస్తే తప్ప ఇంటి అద్దె, బియ్యం గడవని జీతం అది. తేదీ కూడా గమనించాలి, ఏప్రిల్ 24. ఆ నెల పని దాదాపు పూర్తిగా చేసేశారు, డబ్బు మాత్రం ఇంకా చేతికి రాలేదు. అంటే మూడు వారాలకు పైబడిన కష్టం యజమాని దగ్గర తాకట్టులో ఉన్నట్టే. ఇలాంటి పరిస్థితిలో నెల జీతం ఆపేస్తామన్న మాటకు ఎంత బలం ఉంటుందో విడమరిచి చెప్పనక్కర్లేదు. నెలాఖరున లెక్కచూసి ఇచ్చే మామూలు జీతపద్ధతే ఆ ఉదయం వాళ్లను మెడ పట్టి లోపలికి నెట్టింది.

ఎదురు చెప్పగలిగే యూనియన్ ఆ ఐదు ఫ్యాక్టరీల్లో ఒక్కదానిలోనూ లేదు. అది కూడా కాకతాళీయం కాదు. అప్పటి బంగ్లాదేశ్ చట్టం ప్రకారం యూనియన్ నమోదుకు ఫ్యాక్టరీలో 30 శాతం మంది సభ్యులై ఉండాలి. ఆ దరఖాస్తు పెట్టినవాళ్ల పేర్లు యజమానికి చేరేవి. పేరు చేరిన తర్వాత ఉద్యోగం ఎన్నాళ్లుంటుందో ఎవరైనా ఊహించవచ్చు. ఇక విదేశీ కొనుగోలుదారులు పంపే ఆడిటర్లు ఉండనే ఉన్నారు. రాణా ప్లాజాలోని కొన్ని ఫ్యాక్టరీలను పేరున్న ఆడిట్ సంస్థలు అంతకుముందే తనిఖీ చేశాయి. అవి హాజరుపట్టీలు చూశాయి, బాలకార్మికులున్నారేమో చూశాయి, సిలిండర్లు లెక్కపెట్టాయి. స్తంభాల బలం చూడటం మా పని కాదని తర్వాత అన్నాయి. వాళ్ల ఒప్పందపు కాగితం మేరకు ఆ మాట నిజమే కావచ్చు. కానీ ఆ కాగితాన్ని అలా రాసుకోవడమే అసలు లోపం. దీనికి ఏడు నెలల ముందు, 2012 సెప్టెంబరు 11న కరాచీలో అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే ఫ్యాక్టరీ తగలబడి 250 మందికి పైగా చనిపోయారు. ఆ ఫ్యాక్టరీకి కొద్ది వారాల ముందే అంతర్జాతీయ ప్రమాణాల ధ్రువపత్రం అందింది. మామూళ్ల కోసం బెదిరించిన ముఠా నిప్పు పెట్టిందని పాకిస్తాన్ కోర్టు తర్వాత తేల్చిన మాట వాస్తవమే. నిప్పు ఎవరు పెట్టినా, కిటికీలకు కడ్డీలు, తలుపులకు తాళాలు లేకపోతే అంతమంది చనిపోయేవారు కాదు. కడ్డీలూ తాళాలూ సరుకు దొంగతనం పోకుండా పెట్టుకున్నవి. సరుకుకున్న విలువ ధ్రువపత్రమిచ్చినవారికి కనిపించింది, తాళం కనిపించలేదు.

ఇక్కడిదాకా కథ స్థానిక యజమాని దురాశ లాగే కనిపిస్తుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు కూడా. ఆగకుండా ఇంకో మెట్టు పైకి వెళ్లి చూడాలి. చొక్కా ధర నిర్ణయించేది ఢాకా యజమాని కాదు, న్యూయార్కులోనో డ్యూసెల్‌డార్ఫ్‌లోనో కూర్చున్న కొనుగోలు విభాగం. ఎన్ని రోజుల్లో ఓడ ఎక్కాలో వాళ్లే చెబుతారు. ఆలస్యమైతే ఓడకు బదులు విమానంలో పంపాలి, ఆ ఖర్చు ఫ్యాక్టరీ నెత్తిన పడుతుంది. లేదంటే ధరలో కోత పడుతుంది. పగులిచ్చిన భవనాన్ని రెండు రోజులు మూసేస్తే యజమానికి కనిపించే నష్టం ఇదే. కొనుగోలు విభాగంలో పనిచేసే వ్యక్తి సంవత్సరాంతపు బోనసు దేన్నిబట్టి ఉంటుంది? ఎంత తక్కువకు కొన్నాడు, ఎంత వేగంగా తెప్పించాడు అన్నదాన్నిబట్టే. అదే కంపెనీలో ఇంకో అంతస్తులో కూర్చున్న సామాజిక బాధ్యత విభాగం వాళ్లు అదే ఫ్యాక్టరీకి నీతినియమావళి పంపుతారు. ఒక చేత్తో ధర తగ్గించి, రెండో చేత్తో నియమావళి అందిస్తే ఫ్యాక్టరీ యజమాని ఏ చేతిని చూస్తాడు? నా దృష్టిలో అంతర్జాతీయ వ్యాపారంలో ప్రతిఫల నిర్వహణ అంటే కుట్టేవాళ్ల జీతం ఒక్కటే కాదు, కొనేవాడి బోనసు కూడా. రెండో దాన్ని వదిలేసి మొదటిదాని గురించి ఎంత రాసినా సగమే రాసినట్టు.

రాణా ప్లాజా తర్వాత జరిగిన దానిలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది 2013 మే నెలలో కుదిరిన బంగ్లాదేశ్ అకార్డ్ అనే ఒప్పందం. ఒకవైపు యూరప్ తదితర ప్రాంతాల దుస్తుల కంపెనీలు, మరోవైపు ఇండస్ట్రియాల్, యూనీ అనే రెండు ప్రపంచ కార్మిక సమాఖ్యలు, బంగ్లాదేశ్ యూనియన్లు సంతకాలు చేశాయి. తర్వాత సంతకం చేసిన కంపెనీల సంఖ్య 200 దాటింది. 1,600కు పైగా ఫ్యాక్టరీలు, 20 లక్షల మంది కార్మికులు దీని కిందికి వచ్చారు. దీనికీ పాత నియమావళులకూ తేడా మూడు వాక్యాల్లో ఉంది. మొదటిది, ప్రాణభయం ఉందని సహేతుకంగా నమ్మిన కార్మికుడు పని మానుకోవచ్చు, దానికి జీతం కోత ఉండదు. రెండోది, మరమ్మతుల కోసం ఫ్యాక్టరీ మూసేస్తే ఆరు నెలల దాకా కార్మికుల ఉద్యోగమూ మామూలు ఆదాయమూ నిలిచి ఉండాలి. మూడోది, మరమ్మతుల ఖర్చు ఫ్యాక్టరీకి తలకు మించిన భారం కాకుండా కొనుగోలు కంపెనీలు చూసుకోవాలి, అవసరమైతే ధరలో సర్దుబాటు చేయాలి. గమనించండి, ఇది భద్రతా ఒప్పందం. అయినా ఇందులోని ప్రాణం లాంటి వాక్యాలన్నీ డబ్బు గురించే. ఏప్రిల్ 24 ఉదయం గేటు దగ్గర నిలబడ్డవాళ్లకు అడ్డుపడింది ఏమిటో అర్థం చేసుకున్నవాళ్లు రాసిన ఒప్పందం ఇది.

చట్టబలం కూడా ఇందులో కొత్త రకంగా ఉంది. మాట తప్పిన కంపెనీ మీద యూనియన్లు మధ్యవర్తిత్వానికి వెళ్లవచ్చు, ఆ తీర్పును కంపెనీ సొంత దేశపు కోర్టులో అమలు చేయించుకోవచ్చు. ఇది కాగితానికే పరిమితం కాలేదు. 2016లో యూనియన్లు రెండు కంపెనీల మీద హేగ్‌లోని శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానం దగ్గరికి వెళ్లాయి. రెండూ రాజీతో ముగిశాయి. ఒకదానిలో కంపెనీ 23 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. దేశాల మధ్య, దేశాలకూ పెట్టుబడిదారులకూ మధ్య తగాదాలకు ఎక్కువగా వాడే చోట కుట్టుమిషన్ కార్మికుల తరఫు యూనియన్లు ఫిర్యాదుదారులుగా నిలబడటం చిన్న విషయం కాదు. తనిఖీల్లో ఇంజనీర్లు 80,000కు పైగా లోపాలు పట్టుకున్నారు. తాళం పడే మెట్లద్వారాలు, బరువెక్కువైన అంతస్తులు, అతుకుల వైరింగు అన్నీ అందులో ఉన్నాయి. ఐదేళ్లలో వాటిలో 80 శాతానికి పైగా సరిదిద్దారు. ఆ తనిఖీ నివేదికలను ఎవరైనా చూడగలిగేలా బయటపెట్టారు. అదే సమయంలో వాల్‌మార్ట్, గ్యాప్ లాంటి ఉత్తర అమెరికా కంపెనీలు అలయన్స్ అనే వేరే సంస్థ పెట్టుకున్నాయి. అదీ చాలా తనిఖీలు చేసింది, మరమ్మతులూ చేయించింది. అయితే యూనియన్లకు అందులో సమాన సంతకం లేదు, ఐదేళ్లకు అది మూతపడింది. అకార్డ్ రూపాలు మార్చుకుంటూ నిలిచింది, పాకిస్తాన్‌కూ వెళ్లింది.

దీనికి అభ్యంతరాలు తక్కువేం కాదు. మొదటిది అందరూ అనేదే. నియమాలు బిగిస్తే ఖర్చు పెరుగుతుంది, ఖర్చు పెరిగితే ఆర్డర్లు ఇంకో పేద దేశానికి పోతాయి, చివరికి నష్టపోయేది ఆ కార్మికురాలేనని. తేలిగ్గా కొట్టిపారేయాల్సిన మాట కాదిది. 40 డాలర్ల ఉద్యోగమైనా ఊళ్లో కూలి కన్నా నయమని ఢాకా వచ్చినవాళ్లు లక్షల్లో ఉన్నారు. కానీ లెక్క ఏం చెబుతోంది? 2012–13లో బంగ్లాదేశ్ దుస్తుల ఎగుమతులు సుమారు 2,150 కోట్ల డాలర్లు. అకార్డ్ పూర్తిగా నడిచిన తర్వాత, 2018–19లో 3,400 కోట్ల డాలర్లు దాటాయి. ఈలోగా కనీస వేతనం 3,000 టాకాల నుంచి 5,300కీ, తర్వాత 8,000కూ పెరిగింది. 2023 చివర్లో 12,500 అయింది. ఆర్డర్లు పారిపోలేదు. అనుభవం, నౌకాశ్రయం, వేల ఫ్యాక్టరీల వ్యవస్థ, యూరప్‌లో సుంకం లేని ప్రవేశం ఉన్న చోటును మెట్లద్వారం బాగుచేసినంత మాత్రాన వ్యాపారులు వదిలిపోరు. అయితే ఈ అభ్యంతరంలో ఒక నిజం దాగి ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. మరమ్మతు భారం మోయలేక చిన్న ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. ఇక కొనుగోలుదారుల ధర పెరిగిందా అంటే, అప్పట్లో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఉన్న మార్క్ ఆనర్ అధ్యయనం ప్రకారం రాణా ప్లాజా తర్వాతి నాలుగేళ్లలో అమెరికా కంపెనీలు బంగ్లాదేశ్ ప్యాంట్లకు ఇచ్చిన ధర 13 శాతం దాకా తగ్గింది. అంటే తలుపులు బాగుపడ్డాయి, ధర బాగుపడలేదు. ధర మీద సర్దుబాటు చేస్తామన్న మూడో వాక్యమే అకార్డ్‌లో అన్నిటికన్నా బలహీనంగా అమలైంది. నా అభిప్రాయంలో ఆ ఒప్పందానికున్న అసలు వైఫల్యం ఇదే, విమర్శకులు చెప్పేది కాదు.

రెండో అభ్యంతరం సార్వభౌమత్వానిది. విదేశీ కంపెనీలూ విదేశీ సమాఖ్యలూ కలిసి మా దేశంలో ఇంకో ప్రభుత్వం నడపడమేమిటని ఢాకా యజమానులూ అధికారులూ అడిగారు, కోర్టుకూ వెళ్లారు. చివరికి 2020లో ఆ పనిని బంగ్లాదేశ్‌లోనే నమోదైన ఆర్‌ఎమ్‌జీ సస్టెయినబిలిటీ కౌన్సిల్ తీసుకుంది. దాని బోర్డులో యజమానులూ కంపెనీలూ యూనియన్లూ ముగ్గురూ ఉన్నారు. తనిఖీ అనేది ప్రభుత్వం చేయాల్సిన పని అన్న మాటలో న్యాయముంది. అయితే అకార్డ్ కట్టడి చేసింది ఎవరిని? బంగ్లాదేశ్ చట్టం చేయి చాచినా అందని విదేశీ కొనుగోలుదారుణ్ణి. దేశీయ చట్టం ఆ పని చేయలేదనడానికి కరాచీ బాధితుల కథే రుజువు. అలీ ఎంటర్‌ప్రైజెస్ సరుకు ప్రధానంగా కొన్నది కిక్ అనే జర్మన్ కంపెనీ. బాధితులు డార్ట్‌మండ్ కోర్టుకు వెళ్లారు. జర్మన్ కోర్టు పాకిస్తాన్ చట్టాన్ని వర్తింపజేసి, ఆ చట్టం ప్రకారం గడువు దాటిపోయిందని 2019 జనవరిలో దావా కొట్టేసింది. తప్పు ఎవరిదన్న చర్చదాకా వెళ్లనే లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ చొరవతో కిక్ 50 లక్షల డాలర్లకు పైగా పరిహారం ఇవ్వడానికి 2016లో ఒప్పుకుంది, కానీ అది ఒప్పందం, తీర్పు కాదు. రాణా ప్లాజా బాధితులకు 3 కోట్ల డాలర్ల పరిహార నిధి పోగవడానికి రెండేళ్లు పట్టింది, అదీ స్వచ్ఛంద విరాళంగానే. ప్రమాదం జరిగాక జాలి కోసం తిరగడానికీ, జరగకముందే సంతకం తీసుకోవడానికీ మధ్య ఎంత తేడా ఉందో ఈ రెండేళ్లలో కనిపిస్తుంది.

మూడో అభ్యంతరం ఇంకాస్త సూక్ష్మమైనది. ఇదంతా పేద దేశాల అవినీతి కథ, బలమైన చట్టాలున్న చోట ప్రతిఫలానికీ భద్రతకూ ఇంత ముడి ఉండదని కొందరంటారు. కానీ 2005 మార్చి 23న అమెరికాలోని టెక్సస్ సిటీలో బ్రిటిష్ కంపెనీ బీపీ రిఫైనరీ పేలింది. 15 మంది చనిపోయారు, 180 మంది గాయపడ్డారు. చనిపోయిన 15 మందీ కాంట్రాక్టు సంస్థల మనుషులే. యూనిట్ పక్కనే తాత్కాలిక గదుల్లో కూర్చుని ఉండగా పేలుడు జరిగింది. అమెరికా రసాయన భద్రతా మండలి తర్వాత దర్యాప్తు చేసింది. అమోకో అనే కంపెనీ బీపీలో విలీనమయ్యాక 1999లో రిఫైనరీల ఖర్చులో 25 శాతం కోత పెట్టమన్న ఆదేశాన్నీ, బోనసు పథకాన్నీ ప్రత్యేకంగా ఎత్తిచూపింది. ఆ బోనసు లెక్కలో ఖర్చు తగ్గింపుకు పెద్ద పీట, భద్రతకు చిన్న పీట. ఆ చిన్న పీట మీద కూడా కూర్చున్నది వ్యక్తిగత గాయాల సంఖ్య. జారిపడటం, వేలు తెగడం లాంటివి తగ్గాయి కాబట్టి కాగితం మీద భద్రత బ్రహ్మాండంగా ఉంది. పాతబడ్డ పరికరం, పనిచేయని మీటరు, పన్నెండేసి గంటల షిఫ్టులతో అలసిపోయిన ఆపరేటర్లు... వీటికి ఆ లెక్కలో చోటు లేదు. ప్రమాదం జరగకపోతే బోనసు అన్న పథకం వినడానికి ముచ్చటగా ఉంటుంది గానీ, అది చాలాచోట్ల ప్రమాదాన్ని తగ్గించకుండా ప్రమాదపు నమోదును తగ్గిస్తుంది. గాయపడ్డవాడు చెబితే లైను మొత్తానికి బోనసు పోతుందంటే, వాడి చేత మాట్లాడకుండా చేసేది పక్కనున్న తోటి కార్మికులే. చట్టాలు బలంగా ఉన్న దేశంలోనూ ముడి అదే, పేర్లే వేరు.

తెలుగువాళ్లకు ఈ ముడి బంగ్లాదేశ్ కన్నా గల్ఫ్‌లో ఎక్కువ తెలుసు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కడప, కోనసీమ ప్రాంతాల నుంచి వెళ్లినవాళ్లలో చాలామంది విమానం ఎక్కేసరికే అప్పుల్లో ఉంటారు. ఏజెంటు సర్వీసు ఛార్జీ 30,000 రూపాయలు, పైన జీఎస్టీ దాటకూడదని మన దేశపు నిబంధన. ఊళ్లలో నడిచే రేటు ఏమిటో వినేవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. ఆ అప్పూ, వడ్డీ, రెండు మూడు నెలల బకాయి జీతం కలిస్తే ఎండదెబ్బ తగులుతుందని తెలిసినా కట్టడం మీదికి ఎక్కక తప్పదు. ఖతార్ 2021లో ఎండ నిబంధనలు కఠినం చేసింది. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు ఆరుబయట పని నిషేధించింది. అదే ఏడాది కనీస వేతనం 1,000 రియాళ్లు, యజమాని ఇవ్వకపోతే తిండికి 300, బసకు 500 అదనంగా అమలైంది. అంతకుముందే యజమాని అనుమతి పత్రం లేకుండా ఉద్యోగం మారే వీలు ఇచ్చింది. ఈ మూడు సంస్కరణలు ఒకదాని వెంట ఒకటి రావడం నాకు సరైన దారిగానే కనిపిస్తుంది. ఉద్యోగం మారలేనివాడికి ఎండలో పని మానుకునే హక్కు ఉన్నా లేనట్టే. అమలు ఎంతవరకన్నది వేరే ప్రశ్న. జీతం బ్యాంకు ద్వారానే ఇవ్వాలన్న పద్ధతి 2015 నుంచి అక్కడ ఉన్నా బకాయిల ఫిర్యాదులు ఆగలేదు. మన ప్రభుత్వపు వైపు కూడా చూడాలి. గల్ఫ్ ఉద్యోగాలకు భారతదేశం నిర్దేశించే కనీస రెఫరల్ వేతనాన్ని కేంద్రం 2020 సెప్టెంబరులో భారీగా తగ్గించింది. పోటీ దేశాలవాళ్లు ఉద్యోగాలు తన్నుకుపోతారన్నది కారణం, ఢాకాలో విన్న వాదనే. దాని మీద తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం పడింది. 2021 జూలైలో ఆ తగ్గింపును వెనక్కి తీసుకున్నారు.

ఇక ఫ్యాక్టరీలు మన గడప దగ్గరికే వస్తున్నాయి. శ్రీలంక కంపెనీ బ్రాండిక్స్ అచ్యుతాపురంలో దుస్తుల నగరమే కట్టింది. 2022 జూన్‌లో, మళ్లీ ఆగస్టులో ఆ ప్రాంగణంలోని ఒక యూనిట్‌లో విషవాయువు వల్ల వందలమంది మహిళలు ఆసుపత్రి పాలయ్యారు. బంగ్లాదేశ్‌లో దశాబ్దాలుగా ఫ్యాక్టరీలు నడుపుతున్న కొరియా కంపెనీ యంగ్‌వన్ వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు వచ్చింది. ఉపాధి వస్తోంది, అది మంచిదే. ఈ కంపెనీలు కుట్టేది కూడా ఆ పశ్చిమ దేశాల బ్రాండ్లకే. అయినా బంగ్లాదేశ్, పాకిస్తాన్‌లకు వర్తించే అకార్డ్ మన దేశానికి వర్తించదు. పక్క రాష్ట్రం తమిళనాడులో, దిండిగల్ ప్రాంతపు ఒక దుస్తుల ఫ్యాక్టరీ విషయంలో 2022లో దళిత మహిళలు నడిపే ఒక యూనియన్ హెచ్ అండ్ ఎమ్ లాంటి కంపెనీల చేత కట్టుబడి ఉండే ఒప్పందాల మీద సంతకం చేయించింది. అది లైంగిక వేధింపుల నివారణకు సంబంధించినది. భవనానికీ ఎండకూ విషవాయువుకూ అలాంటిది ఎందుకు ఉండకూడదని అడగడానికి ఆ ఒప్పందం ఒక ఆధారం.

అలా అడిగేవాళ్లు మన చట్టం ఎక్కడ ఆగుతుందో తెలుసుకుని అడగాలి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన నాలుగు కార్మిక స్మృతుల్లో ఒకటి వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి. అందులో కార్మికుడి హక్కుల గురించి ఒక సెక్షన్ ఉంది. ప్రాణానికో ఆరోగ్యానికో తక్షణ ప్రమాదం ఉందని సహేతుకంగా భయపడిన ఉద్యోగి ఆ సంగతిని యజమాని దృష్టికీ, అదే సమయంలో ఇన్‌స్పెక్టర్ దృష్టికీ తీసుకుపోవచ్చు. యజమానికి నిజమేననిపిస్తే వెంటనే సరిదిద్దాలి. అనిపించకపోతే ఇన్‌స్పెక్టర్‌కు నివేదించాలి, ఆయన నిర్ణయమే తుది నిర్ణయం. చెప్పే హక్కు ఉంది, స్పష్టంగానే ఉంది. చెప్పిన క్షణానికీ ఇన్‌స్పెక్టర్ వచ్చి తేల్చే క్షణానికీ మధ్య ఆ మనిషి యంత్రం దగ్గర నిలబడాలా, గేటు బయట నిలబడవచ్చా, బయట నిలబడితే ఆ గంటల జీతం ఎవరిదన్నది మాత్రం ఆ సెక్షన్‌లో లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 155వ ఒడంబడిక అలా బయటికి వచ్చినవాడికి రక్షణ ఉండాలంటుంది. 2022లో ఆ ఒడంబడికను మౌలిక ఒడంబడికల్లో చేర్చారు కూడా. రాష్ట్రాలు నియమాలు రాసుకునే ఈ సమయంలో యూనియన్లూ, కంపెనీల హెచ్‌ఆర్ విభాగాలూ ఆ కొన్ని గంటల జీతం గురించి ఒక్క వాక్యం రాయించుకోగలిగితే, ఆ పని ఢాకాలో చేసినదానికన్నా చాలా తక్కువ ఖర్చుతో జరుగుతుంది.